నెలలు నిండనివ్వని గాలి

మా అక్క కూతురికి 33వ వారంలోనే కాన్పయింది. రాత్రి పదకొండింటికి ఉమ్మనీరు పోయింది, తెల్లవారేసరికి బిడ్డ బయటపడింది. ఆడపిల్ల, కిలో ఏడువందల గ్రాములు. పుట్టగానే బాక్సులో పెట్టారు. పంతొమ్మిది రోజులు ఆ వార్డు వరండాలో నేనూ కూర్చున్నాను. లోపల మానిటర్ల కూతలు, బయట చుట్టాల ప్రశ్నలు.

"బిందె ఏమైనా ఎత్తిందా?" "బొప్పాయి తిన్నదేమో." "సీమంతానికి ఆటోలో తీసుకెళ్లారటగా, ఆ గతుకులకే అయ్యుంటుంది." "గ్రహణం పూట బయటికొచ్చిందా ఏంటి?"

ఎవరు ఏది అడిగినా ఆ పిల్లనే అడిగారు. పాలు పిండి చిన్న గిన్నెలో లోపలికి పంపిస్తూ, కుట్లు లాగుతుంటే కూర్చోలేక గోడకానుకుని నిలబడి, ఒక్కొక్కరికీ "లేదత్తయ్యా, లేదు పెద్దమ్మా" అని జవాబు చెప్పుకొచ్చేది. నాలుగో రోజు నన్ను పక్కకు పిలిచి, "పిన్నీ, నిజంగా నేనేం చేశానంటావు?" అంది.

వాళ్లింటి వెనక ఫర్లాంగు దూరంలో ఊరి చెత్తంతా పోసే గుంట ఉంది. సాయంత్రమైతే దాన్ని అంటిస్తారు. ప్లాస్టిక్ కాలిన వాసన వాళ్ల పడకగదిలో పొద్దుటిదాకా ఉంటుంది. కడుపుతో ఉన్న ఎనిమిది నెలల్లో నేను నాలుగైదుసార్లు ఆ ఇంటికి వెళ్లి, ఆ పొగకు దగ్గుతూ, కిటికీ వేసి వచ్చాను. ఆ వరండాలో మాత్రం అది నాకూ గుర్తుకు రాలేదు. ఆ పొగ వల్లే ముందుగా కాన్పయిందని ఇప్పటికీ అనను. ఒక్క తల్లి విషయంలో అలా తేల్చి చెప్పే పరీక్ష ఏదీ లేదు. కానీ ఆమె ఏం చేసిందని అడిగినవాళ్లెవరూ, ఆమె చుట్టూ ఏముందని అడగలేదు. ఆ అడగని ప్రశ్న వెంట పడి చదివింది, విన్నది ఇక్కడ రాస్తున్నాను.

నవమాసాలు అని మనం అనేదాన్ని వైద్యులు వారాల్లో లెక్కపెడతారు. ఆఖరి నెలసరి మొదలైన రోజు నుంచి 40 వారాలు. 37 వారాలు పూర్తికాకుండా పుడితే నెలలు నిండని కాన్పు. 2020లో ప్రపంచమంతటా ఇలా సుమారు 1.34 కోట్ల మంది పిల్లలు పుట్టారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ తదితర సంస్థల అంచనా. వాళ్లలో 30 లక్షల మంది మన దేశంలోనే. అంటే ఇక్కడ పుట్టే ప్రతి వందమందిలో 13 మంది. అయిదేళ్లలోపు పిల్లల మరణాలకు ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద కారణం నెలలు నిండక పుట్టడంతో వచ్చే సమస్యలే. ఏడో నెల పిల్ల దక్కుతుంది, ఎనిమిదో నెల పిల్ల దక్కదు అని మన పెద్దవాళ్లు అంటూ ఉంటారు. అది నిజం కాదు. కడుపులో గడిపే ప్రతి వారమూ బిడ్డకు బలమే. ఊపిరితిత్తులు తెరుచుకోవడం, పాలు చీకి మింగడం, ఒంటి వేడి నిలుపుకోవడం ఆ ఆఖరి వారాల్లోనే బిడ్డకు పట్టుబడతాయి.

ముందస్తు కాన్పుకు తెలిసిన కారణాలు చాలానే ఉన్నాయి. ఇన్ఫెక్షన్లు, రక్తపోటు, మధుమేహం, కవలలు, రక్తహీనత, పట్టుమని ఇరవై ఏళ్లు రాకుండానే మోయాల్సిరావడం. ఇవేవీ లేకుండానే నొప్పులొచ్చే కాన్పులు కూడా బోలెడు. ఆ ఖాళీలోకి తొంగిచూసిన కొందరికి గాలి కనిపించింది. ఎలా కనిపించిందో చెప్పాలంటే అమెరికాలోని ఒక లోయకు వెళ్లాలి.

పొగగొట్టం ఆగిన పదమూడు నెలలు

యూటా రాష్ట్రంలో యూటా లోయ. మూడువైపులా కొండలు, మధ్యలో సరస్సు, ఆ ఒడ్డున అప్పట్లో జెనీవా స్టీల్ అనే ఉక్కు కర్మాగారం ఉండేది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో కట్టింది. చలికాలంలో ఆ లోయ మీద చల్లగాలి మూతలా కప్పేసి పొగను పైకి పోనివ్వదు. 1986 ఆగస్టులో కార్మికులకు, యాజమాన్యానికి మధ్య వివాదం వచ్చి ఫ్యాక్టరీ మూతపడింది. మరుసటేడు సెప్టెంబరులో కొత్త యజమాని చేతిలో మళ్లీ తెరుచుకుంది. మధ్యలో పదమూడు నెలలు ఆ లోయ ఊపిరి పీల్చుకుంది.

పక్కనే ప్రోవో పట్టణంలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో ఆర్డెన్ పోప్ అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుడు ఉండేవాడు. ఆసుపత్రుల లెక్కలు తీసి చూస్తే, ఫ్యాక్టరీ నడిచిన చలికాలాల్లో దగ్గు, ఆయాసంతో చేరిన పిల్లలు మూతపడిన చలికాలంలో కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. ఆ లోయలో ఎక్కువమంది మోర్మన్ మతస్థులు, పొగ తాగరు. కాబట్టి సిగరెట్ల వల్లేమో అనే అనుమానానికి పెద్దగా చోటు లేదు. 1989లో ఆ పరిశోధన అచ్చయ్యాక గాలి కాలుష్యం మీద ప్రపంచం మాట్లాడే తీరే మారింది.

ఆ లోయలో కాన్పుల సంగతి మాత్రం ఇంకో ఇరవై ఏళ్లకు గానీ తేలలేదు. 2008లో జెన్నిఫర్ పార్కర్, పాలీన్ మెండోలా, ట్రేసీ వుడ్రఫ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఆ లోయలో అప్పటి జనన నమోదు పత్రాలను దుమ్ము దులిపి చదివారు. ఫ్యాక్టరీ మూతపడిన కాలంలో కడుపుతో ఉన్న తల్లులకు నెలలు నిండని కాన్పులు తగ్గాయి. లోయ బయటి ఊళ్లలో అలాంటి తేడా లేదు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య గర్భంతో ఉండగా పొగ ఆగినవాళ్లలో ఆ తేడా బాగా కనిపించింది. పుట్టిన పిల్లల బరువులో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. మారింది కాన్పు సమయమే.

ఈ కథ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ తల్లులు ఆ ఏడాది కొత్తగా ఏమీ చేయలేదు. కొత్త మందులు మింగలేదు, మునుపటికన్నా ఎక్కువ విశ్రాంతి తీసుకోలేదు. వాళ్లలో చాలామందికి తమ కడుపులో కొన్ని రోజులు కలిసొచ్చాయని తెలిసే ఉండదు. వాళ్ల బొడ్డుపేగు దాకా వచ్చే మసిని ఒక కార్మిక వివాదం ఆపింది, అంతే.

ఆ తరువాత ఇలాంటివి వరుసగా బయటపడ్డాయి. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో టోల్‌గేట్ల దగ్గర కార్లు ఆగనక్కర్లేకుండా డబ్బు కట్టించుకునే ఈ-జెడ్‌పాస్ వచ్చింది. ఆగి, ఇంజిన్ ఆన్‌లో పెట్టి, అంగుళం అంగుళం జరిగే క్యూలు పోయాయి. జానెట్ కరీ, రీడ్ వాకర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2011లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, టోల్‌గేటుకు రెండు కిలోమీటర్ల లోపు ఉండే తల్లుల్లో ముందస్తు కాన్పులు సుమారు పది శాతం తగ్గాయి. కాలిఫోర్నియాలో 2001 నుంచి 2011 మధ్య మూసేసిన ఎనిమిది బొగ్గు, చమురు విద్యుత్ కేంద్రాల చుట్టూ అయిదు కిలోమీటర్లలో ముందస్తు కాన్పులు 7 శాతం నుంచి 5.1 శాతానికి దిగాయి. స్కాట్లాండ్‌లో 2006 మార్చిలో బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడం నిషేధించాక అక్కడా పదిశాతానికి పైగా తగ్గుదల. పొగ తాగని తల్లులకూ ఆ మేలు దక్కింది.

టోల్‌గేటు మాట చదవగానే నాకు పంతంగి గుర్తొచ్చింది. సంక్రాంతికి హైదరాబాదు నుంచి విజయవాడ వైపు వెళ్లిన వాళ్లెవరూ ఆ బారులు మరచిపోరు. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఏఎన్ఎంలు రాసిన కాన్పుల రిజిస్టర్లున్నాయి, ఫాస్టాగ్ వచ్చిన తేదీ ఉంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసే పని మన వైద్య కళాశాలల్లో ఒక్క విద్యార్థి తలకెత్తుకున్నా ఎంత విలువైన పరిశోధన అవుతుందో!

మాయ దాటిన మసి

గాలిలో ఉన్నది గర్భసంచి దాకా ఎలా వెళ్తుంది? పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్ల కన్నా సన్నటి రేణువు. తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండదు. ముక్కులో, గొంతులో ఆగదు, ఊపిరితిత్తుల అడుగుకు చేరుతుంది. వాటిలోనూ మరీ సన్నవి రక్తంలో కలుస్తాయి. మాయ బిడ్డకు కోటగోడ లాంటిదని చాలాకాలం అనుకున్నారు. 2019లో బెల్జియంలోని హాసెల్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు కాన్పయ్యాక మాయలను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, బిడ్డ వైపున్న పొరలో మసి రేణువులు కనిపించాయి. ఎక్కువ పొగలో మసలిన తల్లి మాయలో ఎక్కువ రేణువులు. 2022లో అదే బృందం స్కాట్లాండ్‌లోని అబర్డీన్ పరిశోధకులతో కలిసి ఇంకా పుట్టని శిశువుల కాలేయంలో, ఊపిరితిత్తుల్లో, మెదడులో కూడా మసిని గుర్తించింది. బయటి గాలిని ఒక్కసారి కూడా పీల్చని ఊపిరితిత్తులవి.

కాన్పు దానంతటదే మొదలయ్యేది కాదు. నెలలు నిండేవరకు గర్భసంచిని ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ నిద్రపుచ్చి ఉంచుతుంది. సమయం వచ్చినప్పుడు వాపుకు సంబంధించిన రసాయనాలు, ప్రొస్టాగ్లాండిన్లు పెరిగి, గర్భసంచి ముఖద్వారం మెత్తబడి, నొప్పులు మొదలవుతాయి. పొగ, సీసం, కొన్ని ప్లాస్టిక్ రసాయనాలు ఒంట్లో రేపేది సరిగ్గా అలాంటి వాపునే. ఇంకా వేళ కాకుండానే తలుపు తట్టినట్టవుతుంది. మాయలోని రక్తనాళాలు దెబ్బతింటే బిడ్డకు అందాల్సినవి అందవు, తల్లికి రక్తపోటు పెరుగుతుంది. అప్పుడు వైద్యులే ముందుగా బిడ్డను బయటికి తీయాల్సివస్తుంది.

ఇక్కడ ఒక సంగతి నిదానంగా అర్థం చేసుకోవాలి. పొగ వల్ల ఒక్కో తల్లికి పెరిగే ముప్పు చిన్నదే. వందలో పదిమందికి వచ్చేది పదకొండు మందికి రావచ్చు. ఆ పదకొండో తల్లి ఎవరో ఎవరూ చూపించలేరు. కానీ పొగ అందరిమీదా ఉంటుంది కాబట్టి, ఆ ఒక్కటి దేశమంత లెక్కలో లక్షలవుతుంది. 2019లో ప్రపంచంలో దాదాపు 60 లక్షల ముందస్తు కాన్పులకు పీఎం 2.5తో సంబంధం ఉండొచ్చని ఒక అంతర్జాతీయ అంచనా. అందులో ఇంటి వంట పొగ, బయటి గాలి రెండూ కలిసే ఉన్నాయి. మన దేశంలో పీఎం 2.5కు ఏడాది సగటు పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 5.

అసలు ముందుగా పుట్టిందని తెలిసేదెలా? ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, పరిశోధన మొత్తం దీనిమీదే నిలబడుతుంది. ఆఖరి నెలసరి ఎప్పుడమ్మా అంటే మన పల్లెల్లో "వినాయక చవితి వెళ్లిన వారానికి", "మిరప కోతలప్పుడు" అనే జవాబులే ఎక్కువ. ఒక పది రోజులు అటూ ఇటూ అయితే నెలలు నిండిన బిడ్డ నిండనిదవుతుంది, నిండనిది నిండినదవుతుంది. 2025లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వివరాలను ఉపగ్రహం కొలిచిన కాలుష్యంతో కలిపి చేసిన అధ్యయనం, పీఎం 2.5 ఎక్కువున్న చోట ముందస్తు కాన్పు అవకాశం 70 శాతం అధికమని చెప్పింది. ఆ అంకెను పత్రికలన్నీ పెద్దక్షరాల్లో వేశాయి. సర్వేలో నెలలు చెప్పింది తల్లులు జ్ఞాపకం మీద. అందుకే ఆ 70ని నేను అంత గట్టిగా పట్టుకోను. పొగగొట్టం ఆగినప్పుడు ముందు తర్వాత చూసిన లెక్కలు నాకు ఎక్కువ నమ్మకమిచ్చాయి.

ఈ లోటు తీర్చడానికే గురుగ్రామ్ సివిల్ ఆసుపత్రిలో 2015లో 'గర్భిణి' అనే పెద్ద అధ్యయనం మొదలైంది. వేలమంది తల్లులను తొలి నెలల్లోనే స్కాన్ చేసి, కాన్పుదాకా వెన్నంటి చూశారు. ఆ స్కాన్ల ఆధారంగా ఐఐటీ మద్రాసు వాళ్లతో కలిసి, పాశ్చాత్య దేశాల బిడ్డల కొలతలతో కాకుండా మన బిడ్డల కొలతలతోనే వారాలు లెక్కగట్టే సూత్రం తయారుచేశారు. మొదటి మూడు నెలల్లో ఒక స్కాన్ ఎందుకు తప్పక చేయించుకోవాలంటే ఇందుకే. తేదీ సరిగ్గా ఉంటే, నొప్పులు ముందుగా వచ్చినప్పుడు బిడ్డ ఊపిరితిత్తులకు బలమిచ్చే ఇంజెక్షన్ ఇవ్వాలో వద్దో డాక్టరు వెంటనే చెప్పగలరు.

పొయ్యి, ప్లాస్టిక్, తంబాకు చాట

కట్టెల పొయ్యి ముందు కూర్చునే గర్భిణికి ఊరి గాలి కన్నా వంటింటి గాలి పెద్ద బెడద. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం కింద పొదుపు సంఘాల మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. 2016లో ఉజ్వల వచ్చింది. మరి గ్యాస్ ఇస్తే చాలా? నాలుగు దేశాల్లో 3,200 మంది గర్భిణులతో జరిగిన హాపిన్ పరిశోధనలో మన దేశం తరపున తమిళనాడులోని విల్లుపురం, నాగపట్నం ప్రాంతాల స్త్రీలు పాల్గొన్నారు. చెన్నైలోని శ్రీరామచంద్ర సంస్థలో కల్పనా బాలకృష్ణన్ బృందం ఈ పని చూసింది. సగంమందికి గ్యాస్ స్టౌ ఇచ్చి, కాన్పుదాకా సిలిండర్లు ఉచితంగా అందించారు. పాత పొయ్యి మీదే వండినవాళ్లు పీల్చే పీఎం 2.5 సుమారు 70 మైక్రోగ్రాములుంటే, గ్యాస్ అందినవాళ్లు పీల్చేది 24. అయినా 2022లో ఫలితాలు వచ్చేసరికి బిడ్డల బరువులో తేడా ఇరవై గ్రాములే. లెక్కలోకి తీసుకోదగ్గది కాదు.

ఆ ఫలితం చదివి నేను బాధపడ్డాను. తరువాత ఆలోచిస్తే కొన్ని కారణాలు తోచాయి. స్టౌ చేతికొచ్చేసరికి చాలామందికి మూడు నాలుగు నెలలు గడిచిపోయాయి. మాయ కుదురుకునేది ఆ తొలి నెలల్లోనే. పైగా 24 అన్నది కూడా శుభ్రమైన గాలి కాదు. పక్కింటి పొయ్యి పొగ, వీధిలో చెత్త మంట పొగ గ్యాస్ ఉన్న ఇంట్లోకీ వస్తాయి. నైజీరియాలోని ఇబాదాన్‌లో 324 మంది గర్భిణులతో జరిగిన మరో ప్రయోగంలో ఇథనాల్ స్టౌ వాడినవాళ్లు సగటున ఒక వారం ఎక్కువ మోశారు, 38.2 వారాలకు బదులు 39.2. ముందస్తు కాన్పుల సంఖ్యలో మాత్రం గట్టిగా చెప్పదగ్గ తేడా రాలేదు. కాబట్టి స్టౌ ఇవ్వడం అవసరమే, ఒక్క ఇంటికి ఇచ్చి ఊరుకుంటే మాత్రం సరిపోదు.

గాలి ఒక్కటే కాదు. కరేబియన్ దీవి ప్యూర్టోరికోలో 2000ల మధ్యలో ప్రతి అయిదు కాన్పుల్లో దాదాపు ఒకటి నెలలు నిండనిదే. దీవి ఉత్తర తీరం సున్నపురాతి నేల. పైన పోసిన పారిశ్రామిక వ్యర్థం బోరునీళ్లలోకి తేలిగ్గా దిగిపోతుంది. 2010లో మొదలైన ప్రొటెక్ట్ అనే పరిశోధన అక్కడి గర్భిణుల మూత్రాన్ని నెలల తరబడి పరీక్షించి, ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి వాడే థాలేట్లలో కొన్నిటికీ ముందస్తు కాన్పులకూ సంబంధం కనిపెట్టింది. 2022లో అమెరికాలోని పదహారు అధ్యయనాల్లో ఆరువేలమంది తల్లుల వివరాలు కలిపి చూసినా అదే తేలింది. థాలేట్లు మెత్తటి పీవీసీలో, నేలమీద పరిచే వినైల్ షీట్లలో, కొన్ని సెంట్లలో, క్రీముల్లో, ప్లాస్టిక్ తాకిన తిండిలో ఉంటాయి. మంచి సంగతేమిటంటే ఇవి ఒకటి రెండు రోజుల్లో ఒంట్లోంచి పోతాయి. వాడకం సగానికి తగ్గితే ముందస్తు కాన్పులు 12 శాతం తగ్గొచ్చని ఆ పరిశోధకులే లెక్కగట్టారు. సీసం అలా కాదు. చిన్నప్పుడు ఒంట్లో చేరింది ఎముకల్లో ఏళ్లతరబడి ఉండి, కడుపుతో ఉన్నప్పుడు కాల్షియంతోపాటు కరిగి రక్తంలోకి, మాయలోకి వస్తుంది. పాత రంగుల పెచ్చులు, సీసం కలిసిన సుర్మా, సిందూరం, రంగు కలిపిన కల్తీ పసుపు దానికి దారులు.

మన నేల మీద నన్ను ఎక్కువ కలవరపెట్టేవాళ్లు వేరే ఉన్నారు. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లు. ఒళ్లో తంబాకు చాట, పక్కనే ఉయ్యాల. నెలలు నిండేదాకా కూర్చుని చుడతారు, వెయ్యి బీడీల లెక్కన కూలి. పొగ తాగకపోయినా ఆ దుమ్ము వాళ్ల ఊపిరిలోనే ఉంటుంది. పత్తి చేలలో మందు కొట్టే మగవాళ్లకు నీళ్లు మోసి, మందు కలిపి ఇచ్చే ఆడకూలీలు ఇంకొందరు. కాలిఫోర్నియాలోని శాన్ వాకిన్ లోయలో అయిదు లక్షల కాన్పులు చూసిన పరిశోధకులకు పురుగుమందుల ప్రభావం అందరిలో కనిపించలేదు, అత్యధికంగా మందు పడిన కొద్దిశాతం ఊళ్ల తల్లుల్లోనే కనిపించింది. మందు కలిపే చేతులు ఏ కోవలోకి వస్తాయో వేరే చెప్పనక్కర్లేదు. వీళ్లను పని మానెయ్యమనడం తేలిక. ఆ నెలల కూలి ఎవరిస్తారో చెప్పకుండా ఆ మాట అనే హక్కు మనకు లేదు.

2019లో మొదలైన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం జాబితాలో హైదరాబాద్, పటాన్‌చెరు, నల్గొండ, విజయవాడ, విశాఖ, గుంటూరు, కర్నూలు అన్నీ ఉన్నాయి. రోడ్ల మీద నీళ్లు చల్లడం, దుమ్ము ఊడ్చే యంత్రాలు కొనడం కనిపిస్తోంది. ఆ పట్టణాల్లో ఏటా నెలలు నిండని కాన్పులెన్నో కూడా గాలి లెక్కల పక్కనే ఒక గడిలో రాయాలని నా కోరిక. గాలి బాగుపడిందో లేదో చెప్పడానికి బాక్సుల్లో పడుకున్న పిల్లలకన్నా నికరమైన కొలత నాకు తట్టడం లేదు.

మా మనవరాలికి ఇప్పుడు మూడేళ్లు. చలికాలం పిల్లికూతలు వస్తాయి గానీ, పరుగుకు పట్టుకోలేం. ఈ మాఘంలో దాని తల్లికి మళ్లీ నెల తప్పింది. పదో వారంలో మొదటి స్కాన్‌కు నేనూ వెళ్లాను. డాక్టరమ్మ బరువు, బీపీ, రక్తం శాతం అన్నీ రాసుకుని, పోయినసారి ముందుగా కాన్పయిందన్నది ఎర్రపెన్నుతో రాసింది. ఇక లేవబోతుంటే మా అమ్మాయి కుర్చీలోంచి కదల్లేదు.

"మేడమ్, మా ఇంటి వెనక రోజూ చెత్త తగలబెడతారు. అది కూడా రాయండి" అంది.

ఆవిడ ఒక్క క్షణం దానివైపు చూసి, మళ్లీ పెన్ను తీసింది.